బిలాల్ హబ్షీ, బీసీ-ఇ జాబితా

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివే మిత్రులకు బీసీ-ఇ అంటే 4 శాతం రిజర్వేషన్. మార్కులకు అది చాలు. కానీ 2007 చట్టంలోని 14 గ్రూపులను ఒకసారి పేరుపేరునా చదవండి. ‘సిద్ది, యాబ, హబ్షీ, జాసి’ అనే పేర్లు కనిపిస్తాయి. నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికన్ల వారసులు మన నగరంలోనే ఉన్నారు. మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్‌కు ఆ పేరు వాళ్ల అశ్వికదళం నుంచే వచ్చింది.

హబ్షీ అంటే అబిసీనియా మనిషి, ఇప్పటి ఇథియోపియా. ఇస్లాం చరిత్రలో అందరికీ తెలిసిన హబ్షీ బిలాల్. మక్కాలో బానిస. ముహమ్మద్ ప్రవక్త మాట నమ్మినందుకు యజమాని ఉమయ్యా ఆయన్ను మండే ఇసుకలో పడుకోబెట్టి గుండెల మీద బండరాయి పెట్టించాడు. అబూబకర్ విడిపించాడు. తర్వాత ప్రవక్త ఆయన్నే అజాన్ పిలుపుకు ఎంచుకున్నారు. 630లో మక్కా స్వాధీనమైన రోజున, బిలాల్ కాబా పైకెక్కి అజాన్ ఇచ్చాడని సంప్రదాయ కథనాలు చెబుతాయి. నల్ల బానిస కొడుకు అక్కడ నిలబడటం ఖురైష్ పెద్దలకు మింగుడుపడలేదు. గుడి మెట్టు ఎక్కనివ్వని ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఆ దృశ్యం విడమరిచి చెప్పాలా?

632లో చివరి హజ్ ప్రసంగాల్లో ప్రవక్త అరబ్బుకు అరబ్బేతరుడి మీద, తెల్లవాడికి నల్లవాడి మీద పుట్టుకతో వచ్చే ఆధిక్యం లేదన్నారు. మిలాద్-ఉన్-నబీ సభల్లో ఏటా వినిపించే మాట ఇది.

అయితే భక్తికి ఇంకో ముఖం ఉంది. ప్రవక్త మీది ప్రేమ ఆయన వంశం మీది గౌరవమైంది, మన దేశంలో అది కులంలా గట్టిపడింది. కూతురు ఫాతిమా సంతతిగా చెప్పుకునే సయ్యద్‌లు అష్రాఫుల్లో పైమెట్టు. నేలను ఊడ్చేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, క్షౌరం చేసేవాళ్లు కింది మెట్టు. బీసీ-ఇ జాబితా దీన్ని దాచలేదు: హబ్షీని చేర్చింది, సయ్యద్‌ను పేరుపెట్టి మినహాయించింది. ‘మాలో కులం లేదు’ అనే మౌలానాలకూ, ‘ముస్లింలంతా ఒకటే’ అనే పార్టీలకూ ఆ ఒక్క కాగితం చూపించవచ్చు.

రాజ్యం చేసింది తక్కువేం కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. మన ఎస్సీ జాబితాలో మెహతర్ ఉంది. అదే చీపురు పట్టిన ముస్లిం మెహతర్ బీసీ-ఏలో ఉన్నాడు. అతన్ని కులం పేరుతో తిడితే అట్రాసిటీ చట్టం వర్తించదు.