ఇంట్లో పిరికి కుక్క ఉంటే...

శుక్రవారం వచ్చిందంటే తబూక్‌లో మన ఇళ్ళన్నీ సందడే. స్నేహితులు పిల్లాపాపలతో వస్తారు. ఇంట్లో పిరికి కుక్క ఉంటే మాత్రం ఆ రోజు దానికి గండమే. గంట మోగగానే సోఫా కిందికి దూరుతుంది, లేదా ఆగకుండా మొరుగుతుంది. అది పొగరు కాదు, భయం.

ఈ నేలకు కుక్క కొత్త కాదు. మనకు దక్షిణాన ఉన్న అల్ ఉలా ప్రాంతంలో సుమారు 6 వేల ఏళ్ళ నాటి సమాధిలో పెంపుడు కుక్క ఎముకలు దొరికాయని 2021లో ప్రకటించారు. బెదూయిన్లు ప్రాణంగా పెంచుకునే వేటకుక్క సలూకీ కూడా కొత్తవారి దగ్గరికి త్వరగా రాదు.

పిల్లలూ, అతిథులు రాకముందే దాని పరుపు, నీళ్ళగిన్నె వేరే గదిలో పెట్టండి. అక్కడికి వెళ్తే ఎవరూ వెంటపడకూడదు. తనంతట తాను బయటికి వస్తే, దాని కళ్ళలోకి చూడకుండా పక్కకు తిరిగి కూర్చోమని అతిథులకు చెప్పండి. ఎముక లేని ఉడికిన కోడిమాంసం ముక్క కాస్త దూరంగా వేయండి. కొత్తవారొస్తే మంచి తిండి దొరుకుతుందని మెల్లగా దానికి తెలుస్తుంది. బలవంతంగా ఎత్తి ఎవరి ఒళ్ళోనూ పెట్టకండి.

గుర్రుమంటే కొట్టకండి, తిట్టకండి. "నాకు భయంగా ఉంది, దూరం జరగండి" అని అది చెప్పే మాట అదే. ఆ మాటను నొక్కేస్తే, ఈసారి చెప్పకుండానే కరవవచ్చు.

వచ్చేవారి ఇష్టమూ చూడాలి. కొందరికి కుక్కంటే భయం. కుక్క నాకితే నమాజుకు ముందు శుభ్రం చేసుకోవాల్సినవారూ ఉంటారు. ముందే అడిగి, అవసరమైతే గది తలుపు వేయండి. అప్పుడు అతిథికీ మర్యాద, కుక్కకూ మనశ్శాంతి.