మర్రి నిలవాలి - రోడ్డూ వెడల్పు కావాలి

చేవెళ్ల: హైదరాబాదు పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రహదారికి ఇరువైపులా 900కు పైగా మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం కాలంలో బాటసారుల నీడకోసం నాటినవివి. ఇరుకైన ఈ రోడ్డును నాలుగు వరుసలుగా వెడల్పు చేయాలన్నది ఈ ప్రాంత ప్రజల చిరకాల కోరిక. చెట్లను కొట్టరాదన్నది పర్యావరణ ప్రేమికుల వాదన. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి పనులు ఏళ్ల తరబడి నిలిచిపోయాయి.

2025 అక్టోబరు చివర ఆటంకం తొలగింది. వారం తిరగకముందే, నవంబరు 3న మీర్జాగూడ వద్ద తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది దుర్మరణం పాలయ్యారు. రోడ్డు ఇక ఆగడానికి వీల్లేదు. అలాగని ప్రాణాలా, చెట్లా అని పోటీ పెట్టనక్కరలేదు.

ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, తప్పనిసరైన వాటినే తరలించాలన్నది అంగీకరించిన మార్గం. చెట్ల వరుసను మధ్యలో వదిలి పక్కన కొత్త దారి వేస్తే, రాకపోకలు వేరై ఎదురెదురు ప్రమాదాలు తగ్గుతాయి. నీడా మిగులుతుంది. ఇందుకు పొలాల భూమి మరికొంత అవసరమైతే ఆ భారం రైతులపై పడకుండా పరిహారం సకాలంలో ముట్టాలి.

నాటితే సరిపోదు

తరలించే చెట్టుకు కొమ్మలు కొట్టి, వేళ్ల చుట్టూ మట్టిగడ్డ చెదరకుండా తవ్వి, క్రేనుతో ఎత్తి కొత్త గుంతలో నాటుతారు. మర్రి మొండి చెట్టు; కొమ్మ పాతినా వేరు తొడుగుతుంది. అయినా తొలి వేసవుల్లో నీరందకపోతే మోడు కాక తప్పదు. 2015 నాటి కేంద్ర హరిత రహదారుల విధానం ప్రకారం ప్రాజెక్టు వ్యయంలో 1 శాతం చెట్ల పెంపకానికి కేటాయించాలి. ఆ సొమ్ము నీళ్ల ట్యాంకర్ల దాకా వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న.

చెట్లతోనే పని తీరదు. గీకిన పాత తారు, కంకర తిరిగి వాడితే, కట్టలకు థర్మల్ కేంద్రాల బూడిద వాడితే గుట్టలు తవ్వడం, మట్టి తీయడం తగ్గుతాయి. వాగులకు తగిన కల్వర్టులు కట్టకపోతే పెద్ద వానలకు ఒకపక్క పొలాలు మునుగుతాయి, మరోపక్క చెరువులకు నీరందదు.

ప్రతి చెట్టుకు నంబరు వేసి, తరలించిన చోటు, నీరు పోయవలసిన వారి వివరాలు గ్రామ పంచాయతీల వద్ద ఉంచితే లెక్క అడగడానికి ఊరికి వీలుంటుంది. అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించడం అవసరం.