వేడి టీకి మెత్తబడని కంపోస్ట్ కప్పు ఎలా?

మొక్కజొన్న, చెరకు, కర్రపెండలం వంటి పంటల నుంచి తయారయ్యే పీఎల్‌ఏ ప్లాస్టిక్ కప్పులో చల్లని పళ్లరసం పోస్తే ఏ ఇబ్బందీ ఉండదు. అదే కప్పులో వేడివేడి టీ పోస్తే కాసేపటికే గోడలు మెత్తబడి వంగిపోతాయి. కానీ ఇదే ప్లాస్టిక్‌తో చేసిన, వేడిని తట్టుకునే చెంచాలు కూడా మార్కెట్లో దొరుకుతున్నాయి. రెండింటిలోనూ ముఖ్య పదార్థం ఒకటే. కరిగిన ప్లాస్టిక్ ఎలా చల్లారి గట్టిపడిందన్న దాన్ని బట్టే ఈ తేడా వస్తుంది.

మన దేశంలో 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, స్ట్రాలపై నిషేధం అమల్లో ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువీకరణ పొందిన కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు దీని నుంచి మినహాయింపు ఇచ్చారు. అయితే టీకే వంగిపోయే కప్పు పాత కప్పు స్థానాన్ని భర్తీ చేయలేదు.

నేతిలో పూసలాగే

పీఎల్‌ఏ అంటే పాలిలాక్టిక్ యాసిడ్. పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లమే దీనికి మూలం. ఆ అణువులు గొలుసుకట్టుగా చేరితే ఈ పాలిమర్ ఏర్పడుతుంది. కరిగి ఉన్నప్పుడు ఈ పొడవాటి గొలుసులు చిక్కుపడిన దారాల్లా ఉంటాయి. చల్లారేటప్పుడు కొన్ని గొలుసులు మడతలు పడుతూ వరుసగా అమరితే స్ఫటికాలు తయారవుతాయి. అంత సమయం దొరకకపోతే గొలుసులు ఆ చిక్కులోనే బిగుసుకుపోతాయి.

కాచిన నెయ్యి నెమ్మదిగా చల్లారితే పెద్ద పూస కడుతుంది. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే నున్నగా గడ్డకడుతుంది. పీఎల్‌ఏ విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే చిక్కుపడిన గొలుసులు కదలడం మొదలుపెడతాయి. అందుకే టీ కప్పు వంగుతుంది. స్ఫటికాలు మాత్రం 150 నుంచి 180 డిగ్రీల దాకా కరగవు. అవి తగినంతగా ఉంటే కప్పు ఆకారం నిలుస్తుంది.

సమస్య వేగానిది. ద్రవీభవన ఉష్ణోగ్రత దగ్గర స్ఫటిక బీజాలు ఏర్పడవు. 60 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి గొలుసులు కదలలేవు. మధ్యలో 100-110 డిగ్రీల దగ్గర స్ఫటికీకరణ అత్యంత వేగంగా సాగుతుంది. అక్కడ కూడా మామూలు పీఎల్‌ఏకు నిమిషాలు పడుతుంది. కర్మాగారంలో ఒక వస్తువు చల్లని అచ్చులో ఉండేది సెకన్లే. అచ్చును వేడిగా ఉంచి ఎక్కువసేపు ఆగవచ్చు గానీ, గంటకు తయారయ్యే కప్పుల సంఖ్య తగ్గి ధర పెరుగుతుంది.

బీజం వేస్తే

స్ఫటికం మొదలవడానికి ఒక ఆధారం ముందే అందిస్తే పని త్వరగా అవుతుంది. ఇందుకు ఎక్కువగా వాడేది టాల్క్, అంటే బలపపు రాయి పొడి. దాని సన్నని పలకల మీద గొలుసులు సులభంగా వరుస కడతాయి. సరైన ఉష్ణోగ్రత దగ్గర నిమిషాల పని అప్పుడు నిమిషంలోపుకు తగ్గగలదు.

రెండో మార్గం పీఎల్‌ఏ నుంచే వస్తుంది. లాక్టిక్ ఆమ్లానికి కుడి చేయి, ఎడమ చేయి లాంటి రెండు రూపాలున్నాయి. ఈ రెండు రకాల గొలుసులు జతకడితే మరింత దృఢమైన స్ఫటికం వస్తుందని 1987లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన ఇకాడా బృందం ప్రకటించింది. అది సుమారు 220-230 డిగ్రీల దగ్గర గానీ కరగదు. కాబట్టి రెండో రకాన్ని కొద్ది శాతం కలిపి, 200 డిగ్రీలు దాటకుండా కరిగిస్తే ఆ స్ఫటికాలు కరగకుండా మిగిలి బీజాలుగా పనిచేస్తాయి.

మిశ్రమంలో చిక్కు

పీఎల్‌ఏ పెళుసు. అందుకే దానికి సాగే గుణమున్న పీబీఏటీ వంటి జీవవిచ్ఛిన్న పాలిమర్‌ను కలుపుతారు. ఈ రెండూ ఒకదానిలో ఒకటి కరగవు. నీటిలో నూనెలా పీబీఏటీ చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. ఇక్కడ కలిపే వరుస కూడా ముఖ్యమే. టాల్క్ వెళ్లి పీబీఏటీ చుక్కల్లో చేరితే పీఎల్‌ఏకు దక్కే ప్రయోజనం తక్కువ. కాబట్టి దాన్ని ముందుగా పీఎల్‌ఏతో కలిపి, ఆ తర్వాత పీబీఏటీ చేర్చడం ఒక ఉపాయం.

తేమతోనూ జాగ్రత్త అవసరం. సరిగా ఆరబెట్టని గుళికలను కరిగిస్తే నీరు గొలుసులను తెంచుతుంది. పొట్టి గొలుసులు త్వరగా స్ఫటికాలు కడతాయి, కానీ వస్తువు పెళుసుబారుతుంది. అంటే స్ఫటికీకరణ వేగం పెరిగిందంటే అది ఎప్పుడూ మంచి సంకేతమని అనుకోలేం.

రెండు పరీక్షలు

స్ఫటిక భాగంలోకి నీరు చొరబడటం కష్టం. అందువల్ల స్ఫటికాలు పెరిగే కొద్దీ వస్తువు కుళ్లడం నెమ్మదిస్తుంది. ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రమాణం ప్రకారం కంపోస్ట్ కేంద్రంలో 84 రోజుల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద 10 శాతానికి మించి ముక్కలు మిగలకూడదు. వేడి తట్టుకునేలా మార్చిన కప్పు ఈ పరీక్షనూ నెగ్గాలి.

కంపోస్ట్ కేంద్రంలో వేడి సుమారు 58 డిగ్రీలు ఉంటుంది. మురుగు కాలువలోనో రోడ్డు పక్కనో అంత వేడి ఉండదు. అక్కడ పడిన పీఎల్‌ఏ కప్పు, స్ఫటికాలున్నా లేకున్నా, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. ప్రయోగశాల కప్పును టీకి సిద్ధం చేయగలదు. వాడిన కప్పు కంపోస్ట్ కేంద్రానికి చేరాలంటే మాత్రం దాన్ని విడిగా సేకరించే ఏర్పాటు ఉండాలి.