మాట మారితే కొలత మారుతుంది

విశాఖపట్నం: విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. రెండు దేశాల ఇంజనీర్లు కలిసి పనిచేసే ఇటువంటి చోట అనువాదకుని పని తేలికైనది కాదు. సర్వే మాటల దగ్గర నిఘంటువు ఒక్కటే చాలదు.

రష్యన్ భాషలో ‘గెయోదేజియా’ అనే మాట ఉంది. పొలాలు, రోడ్లు కొలిచే మామూలు సర్వే కూడా దానిలోకే వస్తుంది. పోలిష్ భాషలో ‘గెయోదెతా’ అంటే మన సర్వేయరే. ఇంగ్లీషులో ‘జియోడెసీ’ అంటే మాత్రం భూగోళం ఆకారాన్ని, పరిమాణాన్ని కొలిచే శాస్త్రం. ధ్వని ఒకటే కదా అని అలాగే దించేస్తే అర్థం తప్పుతుంది.

‘సముద్ర మట్టం’ ఇంకా చిక్కైన మాట. నేల ఎత్తును సర్వేవారు సగటు సముద్ర మట్టం నుంచి లెక్కిస్తారు. 1909 నాటికి పూర్తయిన దేశవ్యాప్త మట్టాల సర్వేకు 9 రేవుల్లో కొలిచిన ఆటుపోట్లు ఆధారం. వాటిలో విశాఖ ఒకటి. కాని ఓడల వారి పటాల్లో లోతును బాగా ఆటు తీసిన నీటి మట్టం నుంచి చూపుతారు. ఓడ అడుగు నేలకు తగలకూడదు గనుక ఆ జాగ్రత్త. రెండు సున్నాలకూ మధ్య తేడా అడుగుల్లో ఉంటుంది. రెంటినీ ఒకే మాటతో రాసి కాలువ తవ్విస్తే, నీరు పారవలసిన వైపు పారదు.

ఈ చిక్కు రైతు చేతి కాగితంలోనూ ఉంది. సర్వే భాషలో గొలుసు అంటే 66 అడుగులు. అందులో 100 లింకులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం, 1000 చదరపు లింకులు ఒక సెంటు. మెట్రిక్ లెక్కలో హెక్టారు అంటే 100 ఆర్లు, అంటే సుమారు 2 ఎకరాల 47 సెంట్లు.

కాగితంపై 0.40 అని ఉంటే చాలామంది 40 సెంట్లు అనుకుంటారు. అది ఎకరాల్లో అయితే నిజమే. హెక్టార్లలో అయితే 40 ఆర్లు, అనగా దాదాపు 99 సెంట్లు. తేడా 59 సెంట్లు!

అమ్మకానికైనా, నష్టపరిహారానికైనా వేలిముద్ర వేసే ముందు అంకె పక్కన ఉన్న కొలత పేరు చదివించుకోవాలి. అది లేకపోతే రాయించుకోవాలి.