రహస్య నివేదిక - ఆగిపోయిన పదోన్నతి

వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను కొదవ లేదని సామెత. విందులో ఇది నవ్వుకొనదగిన మాటయే. కచేరీలో మాత్రము దీనివలన ఒకరి జీవితమే నిలిచిపోవును. తన వెనుక చేరినవారు పైమెట్టు ఎక్కుచుండగా, కారణము తెలియక లోలోన కుములు ఉద్యోగులను మనమందరము ఎరుగుదుము.

కారణము తెలియకపోవుటయే ఇచట అసలు చిక్కు. ప్రభుత్వోద్యోగములలో కొన్ని పదోన్నతులు సీనియారిటీని బట్టియు, కొన్ని యోగ్యతను బట్టియు లభించును. యోగ్యతను నిర్ణయించుటకు పదోన్నతి సంఘమువారు ప్రధానముగా చూచునది ఏటేట పై అధికారి వ్రాయు నివేదికలనే. ఆ కలములో అభిమానమైనను, ఆగ్రహమైనను ఇమిడియుండవచ్చును. ప్రతికూలముగా వ్రాసినచో ఉద్యోగికి తెలుపవలెనను నియమము పూర్వమును కలదు. మరి "మంచిది" అని వ్రాసి ఊరకున్నచో?

సరిహద్దు రహదారుల శాఖలో దేవదత్ అను ఇంజనీరుకు జరిగినది ఇదియే. పై పదవికి వరుసగా అయిదేండ్లు "చాల మంచిది" అను మాట ఉండవలెను. 1993-94లో మాత్రము "మంచిది" అని ఉండెను. ఆ సంగతి ఆయనకు ఎవరును తెలుపలేదు, పదోన్నతి తప్పెను. 2008 మే నెలలో సుప్రీంకోర్టు, నివేదికలోని ప్రతి మాటయు ఉద్యోగికి తెలుపవలెననియు, తెలుపకుండుట రాజ్యాంగములోని 14వ అధికరణమునకు విరుద్ధమనియు తీర్పు చెప్పినది. అప్పటికి ఆయన ఉద్యోగ విరమణ చేసియుండిరి. 2009లో కేంద్ర ప్రభుత్వము నివేదికను పూర్తిగా చూపవలెననియు, ఆక్షేపణకు 15 దినముల గడువు ఈయవలెననియు ఉత్తరువు చేసినది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము 2008 నాటి సూత్రమునే స్థిరపరచినది.

కావున మేము మనవి చేయునది రెండు మాటలు. తాను చేసిన పనిని గూర్చి తానే వ్రాయు భాగమును పలువురు తొందరలో నింపి పంపుచుందురు. దానిని అంకెలతో, తేదీలతో నింపవలెను. నివేదిక చేతికి అందిన పిమ్మట గడువు దాటనీయక, కోపపు మాటలు లేకుండ, ఆధారములతో ఆక్షేపణ వ్రాయవలెను.

ఈ రక్షణ ప్రైవేటు కచేరీలకు వర్తింపదు. అచట వారి వారి నిబంధనలే దిక్కు. పక్షపాతమును చట్టము మనసులోనుండి తీసివేయలేదు. చీకటిలో వ్రాసిన మాటను వెలుగులోనికి తేగలదు. పేరు పెట్టి చదువుదురని తెలిసిన చేయి కొంత జాగ్రత్తగా వ్రాయును. నేడు మన నివేదిక మరియొకరు వ్రాయుచున్నారు. రేపు మరియొకరిది మనము వ్రాయవలసివచ్చును. నాడు ఈ కుములుపాటును మరువకుందుము గాక!