సొసైటీలో మన సీటు ఎందుకు పోయింది? రాజ్యాంగ సవరణల్లో అసెంబ్లీల మాట

కర్నూలు, కడప పల్లెల్లో సింగిల్ విండో అంటే పంట రుణం, ఎరువుల బస్తా. అందుకే ఆ సొసైటీ పాలకవర్గంలో ఎవరు కూర్చున్నారన్నది చిన్న విషయం కాదు. ఎకరా రెండెకరాల మెట్ట ఉన్న మాల, మాదిగ రైతుకు అక్కడ తనవాడు ఒకడుంటే అడగడానికి ఒక మనిషి ఉన్నట్టు.

ఆ మనిషి ఉండాలని ఒకప్పుడు రాజ్యాంగమే చెప్పింది. 97వ సవరణ 2012 ఫిబ్రవరి 15న అమల్లోకి వచ్చింది. ఆ వర్గాల సభ్యులున్న ప్రతి సహకార సంఘం పాలకవర్గంలో ఎస్సీ లేదా ఎస్టీకి ఒక సీటు, మహిళలకు రెండు సీట్లు ఉండాలంది. పాలకవర్గం గడువు ఐదేళ్లనీ, అది తీరేలోపే ఎన్నికలు జరపాలనీ చెప్పింది. 2021 జూలై 20న సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాల పరిధిలోని సొసైటీలకు ఈ హామీలన్నీ పోయాయి. దళితుల సీటు తప్పని కోర్టు అనలేదు. సవరణ చేసేటప్పుడు రాష్ట్రాల అసెంబ్లీలను అడగలేదు కాబట్టి ఆ భాగం చెల్లదంది.

ఎప్పుడు అడగాలి?

రాజ్యాంగ సవరణ విధానం 368వ అధికరణంలో ఉంది. సవరణ బిల్లుకు పార్లమెంటు ఉభయసభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలి. అంటే మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసిన వారిలో మూడింట రెండు వంతులు అనుకూలంగా ఉండాలి. చాలా సవరణలకు ఇది సరిపోతుంది. కొన్నింటికి మాత్రం కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కూడా ఉండాలి. రాష్ట్రపతి ఎన్నిక, సుప్రీంకోర్టు, హైకోర్టులు, కేంద్ర రాష్ట్రాల మధ్య అధికారాల పంపిణీ, ఏడో షెడ్యూలు జాబితాలు, పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం, చివరికి 368వ అధికరణం కూడా ఈ కోవలోకే వస్తాయి. 1949 సెప్టెంబర్‌లో రాజ్యాంగ సభలో ఈ అధికరణంపై చర్చ జరిగినప్పుడు, సవరణలను ఇలా తరగతులుగా ఎందుకు విడదీశారో అంబేడ్కర్ వివరించారు.

ఇప్పుడు 28 రాష్ట్రాలున్నాయి, కాబట్టి 14 ఒప్పుకోవాలి. జనాభా లెక్క లేదు. ఉత్తరప్రదేశ్‌ది ఒక లెక్కే, సిక్కింది ఒక లెక్కే. అసెంబ్లీ బిల్లులో ఒక్క అక్షరం మార్చలేదు. ఔనంటూ తీర్మానం చేయాలి, లేదంటే ఊరుకోవాలి. తీర్మానానికి మామూలు మెజారిటీ చాలు.

ఢిల్లీ అడగలేదు

సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోని అంశం. వాటి గురించి రాష్ట్రాలు ఎలా చట్టం చేయాలో 97వ సవరణ నిర్దేశించింది. అంటే రాష్ట్రాల అధికారాన్ని కుదించింది. కాబట్టి రాష్ట్రాల ఆమోదం తప్పనిసరి. ఈ మాటే 2013లో గుజరాత్ హైకోర్టు చెప్పింది, 2021లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

ఇలాంటి హెచ్చరిక అంతకుముందే ఉంది. ఫిరాయింపుల నిరోధక చట్టంగా మనం పిలుచుకునే పదో షెడ్యూలులో, స్పీకర్ నిర్ణయాలపై కోర్టులకు వెళ్లకుండా అడ్డుకున్న ఏడో పేరాను సుప్రీంకోర్టు 1992లో కొట్టేసింది. కారణం అదే, రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదు.

97వ సవరణ బిల్లు 2011 డిసెంబర్‌లో పార్లమెంటు దాటింది. అప్పుడు ఢిల్లీలో కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రభుత్వం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ కాంగ్రెస్ ప్రభుత్వమే. అడిగి ఉంటే కనీసం మన అసెంబ్లీలో తీర్మానం కష్టమయ్యేది కాదు. అడగకపోవడం వల్ల జరిగిన నష్టం ఎవరిదో చూడండి. మన రాష్ట్రంలో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు తీరాక ఏళ్ల తరబడి నామినేటెడ్ త్రిసభ్య కమిటీలే నడుస్తున్నాయి. ప్రభుత్వం మారితే కమిటీ మారుతుంది. రాష్ట్ర చట్టంలో దళితులకు ఏ రక్షణ ఉన్నా, దాన్ని మామూలు మెజారిటీతో మార్చేయవచ్చు. రాజ్యాంగంలో ఉన్న హామీకి ఉండే బలం దానికి ఉండదు.

ఓటు ఎమ్మెల్యేదా, పార్టీదా?

అడిగినప్పుడు మాత్రం జవాబు చెప్పేది ఎవరు? 2019లో ఉమ్మడి కర్నూలులో 14, ఉమ్మడి కడపలో 10, మొత్తం 24 సీట్లూ వైఎస్సార్సీపీవే. సభలో 175కి 151. 2024లో లెక్క తిరగబడింది. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 164, వైఎస్సార్సీపీకి 11. ఇంత బలం ఉన్నప్పుడు అసెంబ్లీ అభిప్రాయం అంటే అధికార పక్షం అభిప్రాయమే.

ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గాలు నాలుగు: కోడుమూరు, నందికొట్కూరు, బద్వేలు, రైల్వే కోడూరు. 2024లో మొదటి రెండు తెలుగుదేశానికి, బద్వేలు వైఎస్సార్సీపీకి, రైల్వే కోడూరు జనసేనకు వచ్చాయి. నలుగురు దళిత ఎమ్మెల్యేలు, మూడు పార్టీలు. పార్టీ విప్ జారీ చేశాక ఎదురు ఓటేస్తే సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. దళితుల ఓట్లతో, దళితుల పేరున గెలిచినా, సభలో చెయ్యెత్తేటప్పుడు వాళ్లు పార్టీ మనుషులే.

2030 జనవరి 25

ఈ నాలుగు సీట్ల ఉనికే ఒక సవరణ మీద ఆధారపడి ఉంది. చట్టసభల్లో ఎస్సీ, ఎస్టీ సీట్లకు 334వ అధికరణం మొదట పెట్టిన గడువు పదేళ్లే. తొలి పొడిగింపు 1960 జనవరిలో అమల్లోకి వచ్చింది. అదే నెలలో కర్నూలు దగ్గరి పెద్దపాడుకు చెందిన దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటి నుంచి పదేళ్లకోసారి పొడిగిస్తూ వస్తున్నారు. చివరిది 104వ సవరణ. 2019 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించి, రాష్ట్రాల ఆమోదం కూడా తీసుకుని, 2020 జనవరి 25న అమలు చేశారు. దాని గడువు 2030 జనవరి 25. ఉద్యోగాలు, చదువుల్లో రిజర్వేషన్లకు ఈ గడువుతో సంబంధం లేదు. మళ్లీ పొడిగించకపోతే, అప్పటికి ఉన్న సభ రద్దయ్యేదాకానే ఈ సీట్లు. ఆ తర్వాతి ఎన్నికల్లో కోడుమూరు కూడా జనరల్ సీటే.

దీనికి పక్కనే 103వ సవరణను పెట్టి చూడండి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలను మినహాయించి అగ్రవర్ణ పేదలకు 10 శాతం ఇచ్చిన బిల్లు 2019 జనవరి 8న లోక్‌సభ, 9న రాజ్యసభ దాటింది. 12న రాష్ట్రపతి సంతకం అయిపోయింది. అది రాష్ట్రాలకు వెళ్లాల్సిన తరగతి కాదన్నారు. మన సీట్ల గడువు మాత్రం ప్రతిసారీ ఢిల్లీతో పాటు రాష్ట్రాల గడపలూ దాటాలి.

జమిలి ఎన్నికల కోసం 2024 డిసెంబర్ 17న లోక్‌సభలో పెట్టిన 129వ సవరణ బిల్లులోనూ ఇదే వివాదం. లోక్‌సభ, అసెంబ్లీలకు ఒకేసారి ఎన్నికలు పెట్టడానికి రాష్ట్రాల ఆమోదం అక్కర్లేదని కోవింద్ కమిటీ తేల్చింది. అసెంబ్లీల కాలాన్నే మార్చే సవరణకు అసెంబ్లీలను అడగక్కర్లేదా?

కాబట్టి ఏ రాజ్యాంగ సవరణ బిల్లు వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది రాష్ట్రాలకు రావాలా? వస్తే మన అసెంబ్లీలో మెజారిటీ పార్టీ ఏం చేస్తుంది? రాకపోతే ఎవరి మాట వినకుండా చేస్తున్నారు? 2029లో అసెంబ్లీ ఎన్నికలు రావాల్సి ఉంది. పొడిగింపు బిల్లు రాష్ట్రాలకు వస్తే, తీర్మానం మీద చెయ్యెత్తే అవకాశం ఆ సభదే. ఆ నాలుగు నియోజకవర్గాల్లో ఓటడగడానికి వచ్చే ప్రతి పార్టీనీ, అభ్యర్థినే కాదు పార్టీనే, ఈ విషయంలో ముందుగా మాట ఇమ్మని అడగాలి. అడగకపోతే ఏమవుతుందో మన సొసైటీ సీటు చెప్పింది.