వైరస్ వస్తే కణంలో మోగే గంట

హాస్టల్లో ఒకరికి ఫ్లూ వస్తే వారంలో గదంతా దగ్గుతుంది. అయినా చాలామంది కొద్దిరోజుల్లోనే కోలుకుంటారు. ఎలా?

ఫ్లూ వైరస్ మన కణంలో చేరి తన ఆర్.ఎన్.ఏ.ను పెంచుకుంటుంది. ఆ ఆర్.ఎన్.ఏ. కొసన మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. కణంలో కాపలా కాసే రిగ్-ఐ అనే ప్రోటీన్ వాటిని చూసి పరాయిదని గుర్తిస్తుంది. వెంటనే మైటోకాండ్రియాపై ఉండే మావ్స్ ప్రోటీన్‌కు కబురు అందిస్తుంది. అప్పుడు కొన్ని ఎంజైములు ఐ.ఆర్.ఎఫ్.-3 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తాయి. అదే స్విచ్! అది కేంద్రకంలోకి వెళ్లి ఇంటర్‌ఫెరాన్ జన్యువును పనిచేయిస్తుంది.

ఇంటర్‌ఫెరాన్‌ను 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనుగొన్నారు. ఇది వైరస్‌ను నేరుగా చంపదు, పక్క కణాలను హెచ్చరిస్తుంది. అవి జాక్, స్టాట్ ప్రోటీన్ల ద్వారా వందలాది రక్షణ జన్యువులను మేల్కొలుపుతాయి. ఫ్లూలో జ్వరం, ఒళ్లునొప్పులు చాలావరకు ఈ పోరాటం వల్లే.

వైరస్ కూడా తక్కువది కాదు. ఎన్.ఎస్.-1 అనే ప్రోటీన్‌తో ఈ కబురును అడ్డుకుంటుంది. కబురు ఆగితే ఎంత ముప్పో కోవిడ్ చూపింది. ప్రాణాపాయ స్థితికి చేరిన రోగుల్లో సుమారు 10 శాతం మందిలో, తమ ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నట్లు 2020లో తేలింది.

యాంటీబయాటిక్ మాత్రలు వైరస్‌పై పనిచేయవు. కనుక మిత్రులారా, ఫ్లూకు వాటిని సొంతంగా మింగకండి. విశ్రాంతి తీసుకోండి, నీళ్లు బాగా తాగండి. ఆయాసం వస్తే మాత్రం వెంటనే వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.